వేరే గ్రహాల మీద మన వయసెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి సంక్రాంతికీ ఊళ్లో ఇంటినిండా చుట్టాలు చేరతారు. భోగి, పండగ హడావుడి అయ్యాక కనుమ నాడు పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లి ఒక లెక్క వేయిస్తుంటాను. సుద్దముక్కతో గ్రహాల పేర్లు వరసగా రాయడం, ఏ గ్రహం మీద తమ వయసెంతో ఎవరికి వాళ్లు కట్టుకోవడం. అప్పుడు పిల్లలు అడిగిన ప్రశ్నలే తర్వాత వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడుగుతారు. ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నేను పుట్టింది ఒక్కసారే కదా, గ్రహాన్ని బట్టి వయసు మారడమేంటి?

పుట్టింది ఒక్కసారే, బతికిన కాలమూ ఒక్కటే. మారేది కొలత. బియ్యాన్ని శేరుతో కొలిచినా కిలోల్లో తూచినా బియ్యం అవే కదా, ఇదీ అంతే. "నాకు ముప్పై ఏళ్లు" అంటే నేను పుట్టిన దగ్గర్నుంచి భూమి సూర్యుడి చుట్టూ ముప్పైసార్లు తిరిగిందని అర్థం. ఈలోపు బుధుడు 124 చుట్లు పూర్తిచేసి 125వ దానిలో ఉంటాడు. శని ఒక్క చుట్టు ముగించి రెండోది అప్పుడే మొదలుపెట్టి ఉంటాడు. గుడి చుట్టూ బామ్మ ఒక ప్రదక్షిణ చేసేలోపు మనవడు పది చేస్తాడు. గడిచిన సమయం ఇద్దరికీ ఒకటే.

ఇది జాతకం లాంటిదా?

కాదు. ఇందులో ఫలితాలు చెప్పడం ఉండదు, కేవలం చుట్లు లెక్కపెట్టడమే. రాశి, నక్షత్రం, లగ్నం ఏవీ అక్కర్లేదు. పుట్టినతేదీ ఒక్కటి చాలు.

ఎంత చిన్నపిల్లల చేత చేయించొచ్చు?

భాగహారం వచ్చిన పిల్లలైతే సొంతంగా చేసేస్తారు. అంతకంటే చిన్నవాళ్లకి లెక్క మనమే వేసి జవాబు చెబితే చాలు. ఆరేళ్ల పిల్లాడితో "బుధుడి మీద నీకు ఇరవై నాలుగు నిండాయిరా" అని చెప్పి చూడండి, ఆ రోజంతా ఇంట్లో అందరికీ చెప్పుకుంటూ తిరుగుతాడు.

## లెక్క వేసేటప్పుడు

ఫార్ములా ఏంటి? ఏ అంకెలు వాడాలి?

మీరు పుట్టినరోజు నుంచి ఇవాళ్టిదాకా ఎన్ని రోజులైందో చూసి, దాన్ని ఆ గ్రహం సూర్యుణ్ని ఒకసారి చుట్టడానికి పట్టే రోజులతో భాగించాలి. రెండూ భూమి మీది రోజులే.

- బుధుడు: 87.97 రోజులు
- శుక్రుడు: 224.7 రోజులు
- అంగారకుడు: 686.98 రోజులు
- గురుడు: 4,332.59 రోజులు (దాదాపు 11.86 ఏళ్లు)
- శని: 10,759.22 రోజులు (దాదాపు 29.46 ఏళ్లు)
- యురేనస్: దాదాపు 30,688 రోజులు (84 ఏళ్లు)
- నెప్ట్యూన్: దాదాపు 60,182 రోజులు (164.8 ఏళ్లు)

ఒక ఉదాహరణ మొత్తం వేసి చూపిస్తారా?

2025 కనుమ నాడు, అంటే జనవరి 15న, మా మేనకోడలికి వేసిన లెక్క ఇది. తను పుట్టింది 2012 ఆగస్టు 23న. 2024 ఆగస్టు 23కి పన్నెండేళ్లు నిండాయి. 12ని 365తో గుణిస్తే 4,380. మధ్యలో 2016, 2020, 2024 లీపు సంవత్సరాలు వచ్చాయి కాబట్టి ఇంకో మూడు కలిపితే 4,383. ఆగస్టు 23 నుంచి జనవరి 15 దాకా 145 రోజులు. మొత్తం 4,528.

ఇక భాగహారాలు. 87.97తో భాగిస్తే బుధుడి మీద 51.47 ఏళ్లు. శుక్రుడి మీద 20.15, అంగారకుడి మీద 6.59, గురుడి మీద 1.05, శని మీద 0.42. యురేనస్ మీద 0.15, నెప్ట్యూన్ మీద 0.08. "నేను నీ కంటే పెద్దదాన్ని మామయ్యా, బుధుడి మీద" అంది. నీ వయసు అక్కడి ఏళ్లలో చెప్పి, నాది మాత్రం భూమి ఏళ్లలో ఉంచితే ఎలా, నాది కూడా లెక్కవేసి చూడు అన్నాను. వేసేసరికి తనకే అర్థమైంది: ఏ గ్రహం మీద లెక్కేసినా ఎవరు ఎవరికి పెద్దో మారదు. నేను చెబితే ఒక ముక్కలో అయిపోయేది, తనే వేసుకుంది కాబట్టి ఇక మర్చిపోదు.

రోజులెందుకు, ఏళ్లతోనే వేసుకోకూడదా?

వేసుకోవచ్చు. ఏళ్లని బుధుడికి 0.241తో, శుక్రుడికి 0.615తో, అంగారకుడికి 1.88తో, గురుడికి 11.86తో, శనికి 29.46తో భాగించండి. నలభై ఏళ్లవాళ్లకి అంగారకుడి మీద 21 దాటుతుంది. సరదాకి ఇది చాలు. అక్కడి పుట్టినరోజు ఏ తేదీన వస్తుందో కావాలంటే మాత్రం రోజుల లెక్కే వేయాలి.

ఇన్ని రోజులు లెక్కపెట్టాలంటే విసుగొస్తోంది. సులువు దారి ఉందా?

ఎక్సెల్‌లో ఒక గడిలో ఇవాళ్టి తేదీ, పక్క గడిలో పుట్టినతేదీ వేసి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. రోజుల సంఖ్య వచ్చేస్తుంది. ఒక్కోసారి జవాబు కూడా ఏదో వింత తేదీలా కనబడుతుంది. ఆ గడి ఫార్మాట్‌ని నంబర్‌కి మారిస్తే సరి. కానీ పిల్లలతో చేస్తున్నప్పుడు కనీసం ఒక్కసారైనా కాగితం మీద వేయించండి. లీపు సంవత్సరాలు ఎందుకు కలుపుతున్నామో అప్పుడే బుర్రకెక్కుతుంది.

మా తాతయ్య పుట్టినతేదీ సరిగ్గా తెలియదు. బడిలో ఏదో తేదీ వేశారట. ఎలా?

మన ఇళ్లలో ఇది మామూలే. సర్టిఫికెట్‌లో తేదీ ఒకటి, అసలుది ఇంకొకటి. అప్పుడు పెద్దవాళ్ల మాటల్లోంచి ఏడాది పట్టుకోండి. "దివిసీమ ఉప్పెనొచ్చినప్పుడు నీకు నడక కూడా రాలేదు" అన్నారనుకోండి, ఆ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది కాబట్టి పుట్టిన ఏడాది దాదాపుగా దొరికినట్టే. ఏడాది అటూ ఇటూ అయితే బుధుడి మీద నాలుగేళ్ల తేడా వస్తుంది. శని మీద ఆ తేడా 0.03 మాత్రమే. అందుకని తేదీ తెలియనివాళ్లకి గురుడి వయసు, శని వయసు చెప్పండి, అవి దాదాపు సరిపోతాయి.

నేను ఫిబ్రవరి 29న పుట్టాను. నాకేమైనా వేరే లెక్క ఉందా?

ఏమీ లేదు. ఫిబ్రవరి 29 మన క్యాలెండర్ సర్దుబాటు. రోజుల్లో లెక్క కడితే ఆ చిక్కే రాదు.

రెండు వెబ్‌సైట్లలో రెండు జవాబులొచ్చాయి. ఏది నమ్మాలి?

ఒకరు బుధుడికి 88 అని వేసుంటారు, ఇంకొకరు 87.97 అని. ఒకరు భూమి ఏడాదిని 365 రోజులు అనుకునుంటారు, ఇంకొకరు 365.25. నలభై ఏళ్లలో ఆ పావు రోజులే పది రోజులవుతాయి. దశాంశం తర్వాత రెండో అంకెలో (బుధుడికైతే మొదటి అంకెలో) తేడా ఉంటే పట్టించుకోకండి. అంతకంటే ఎక్కువుంటే మాత్రం పుట్టినతేదీలో రోజు, నెల తారుమారయ్యాయేమో చూసుకోండి. కొన్ని సైట్లు నెల ముందు అడుగుతాయి, మనం అలవాటుకొద్దీ రోజు ముందు కొట్టేస్తాం.

## జవాబు వచ్చాక పుట్టే సందేహాలు

నాకు 36. బుధుడి మీద 149 వచ్చింది. అక్కడుంటే అంత తొందరగా ముసలైపోతానా?

అవ్వరు. ఒంట్లో కణాలు సూర్యుడి చుట్టూ ఎన్ని చుట్లు తిరిగామో లెక్కపెట్టుకోవు. జుట్టు నెరవడానికి పట్టే కాలం అక్కడా ఇక్కడా ఒకటే, ఆ కాలంలో అక్కడ ఎక్కువ పుట్టినరోజులు వస్తాయంతే. ఈ భయం పిల్లల్లో చాలామందికి ఉంటుంది. నవ్వి ఊరుకోకుండా నెమ్మదిగా విడమర్చి చెప్పండి.

గ్రావిటీ ఎక్కువైతే కాలం నెమ్మదిస్తుందని చదివాను. మరి గురుడి మీద?

నిజమే, ఐన్‌స్టీన్ సిద్ధాంతం అదే చెబుతుంది. కానీ గ్రహాల దగ్గర ఆ తేడా చాలా చిన్నది. దూరంగా అంతరిక్షంలో ఉన్న గడియారంతో పోలిస్తే, గురుడి మేఘాల మీద ఉన్న గడియారం ఏడాది మొత్తానికి ఒక సెకను కూడా వెనకబడదు. మన లెక్కకి అది అడ్డు రాదు.

ఒక్కో గ్రహం ఏడాదికి ఇంత తేడా ఎందుకు?

రెండు కారణాలు కలిశాయి. సూర్యుడికి దూరంగా ఉన్న గ్రహం తిరగాల్సిన దారి పొడవు. పైగా అంత దూరంలో సూర్యుడి ఆకర్షణ తక్కువ కాబట్టి నెమ్మదిగా కదులుతుంది. బుధుడు సగటున సెకనుకి 47 కిలోమీటర్ల వేగంతో పోతాడు. హైదరాబాద్ నుంచి విజయవాడకి ఉన్న 275 కిలోమీటర్లూ ఆరు సెకన్లలో అయిపోతాయి. భూమికి తొమ్మిది సెకన్లు పడుతుంది, నెప్ట్యూన్‌కి యాభై.

దూరానికీ ఏడాదికీ ఉన్న లంకెను ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1618లో పట్టుకుని, మరుసటి ఏడాది ప్రచురించాడు. భూమి దూరాన్ని ఒకటి అనుకుంటే గురుడి దూరం 5.2. దాన్ని మూడుసార్లు వేసి గుణించండి, 140.6 వస్తుంది. దాని వర్గమూలం 11.86. అచ్చంగా గురుడి ఏడాది! క్యాలిక్యులేటర్ మీద ఈ అంకె కనబడినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఇది తప్పకుండా చేయించండి.

శుక్రుడి మీద ఏడాది కంటే రోజే పెద్దదట. అయితే వయసెలా?

వయసుకి కావలసింది ఏడాది మాత్రమే, రోజు పొడవు కాదు. శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకుంటాడు, సూర్యుణ్ని 225 రోజుల్లో చుట్టేస్తాడు. పైగా అక్కడ తిరుగుడు వెనక్కి, సూర్యుడు పడమట పొడుస్తాడు. అందువల్ల ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి పట్టేది దాదాపు 117 రోజులే.

బుధుడి సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మళ్లీ పొద్దు పొడిచేదాకా 176 రోజులు, అంటే బుధుడి లెక్కలో రెండేళ్లు. ఒక పగలూ ఒక రాత్రీ గడిచేలోపు రెండు పుట్టినరోజులు వచ్చేస్తాయి.

నెప్ట్యూన్ మీద 0.21 వచ్చింది. లెక్క తప్పిందా?

మీకు ముప్పై అయిదేళ్లుంటే సరిగ్గానే వేశారు. నెప్ట్యూన్ మీద మొదటి పుట్టినరోజు చూసిన మనిషి ఇప్పటిదాకా లేరు. రుజువులున్నంతలో అందరికంటే ఎక్కువకాలం బతికిన ఫ్రాన్స్ మహిళ జాన్ కాల్మాన్ 122 ఏళ్లు దాటి 1997లో పోయారు. ఆవిడకి కూడా అక్కడ దాదాపు ముప్పావు ఏడాదే. ఆ గ్రహాన్ని 1846లో బెర్లిన్‌లో మొదటిసారి గుర్తించారు. అప్పుడు ఆకాశంలో ఎక్కడ కనబడిందో అక్కడికి అది ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి 2011 అయింది.

ప్లూటోని లెక్కలో వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. 2006 నుంచి దాన్ని మరుగుజ్జు గ్రహం అంటున్నారు, కానీ సూర్యుడి చుట్టూ తిరగడం మానలేదు కదా. ఒక చుట్టుకి దాదాపు 248 ఏళ్లు.

చంద్రుడి మీద వయసు లెక్క కట్టొచ్చా?

చంద్రుడు భూమితో పాటే సూర్యుణ్ని చుడతాడు, అందుకని అక్కడా మీ వయసు ఇదే. పున్నములు లెక్కపెట్టుకోవాలనుకుంటే బతికిన రోజుల్ని 29.53తో భాగించండి. వెయ్యి పున్నములకి దాదాపు ఎనభై ఏళ్ల పది నెలలు పడుతుంది. సహస్ర చంద్ర దర్శనం చేసుకునే వయసు అదే.

నవగ్రహాల్లో రాహుకేతువులు ఉన్నాయి కదా, వాటి మీద?

రాహుకేతువులు గ్రహగోళాలు కావు. ఆకాశంలో చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఒకదాన్నొకటి దాటే రెండు బిందువులు. గ్రహణాలు వాటి దగ్గరే పడతాయి. ఆ బిందువులు ఆకాశాన్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 18.6 ఏళ్లు. కావాలంటే మీ వయసుని దాంతో భాగించుకోండి, కానీ అది చంద్రుడి దారికి సంబంధించిన లెక్క.

## మన లెక్కల్లో ఉన్న గ్రహాలు

పుష్కరానికీ గురుడి ఏడాదికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజం. గురుడు ఏడాదికి ఒక రాశి చొప్పున పన్నెండు రాశులూ తిరుగుతాడు. సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరికి, కన్యారాశిలోకి వచ్చినప్పుడు కృష్ణకి పుష్కరాలు. 2003లో గోదావరిలో మునిగినవాళ్లు మళ్లీ 2015లో మునిగారు. కృష్ణకి 2004లో, తర్వాత 2016లో వచ్చాయి. అంటే పుష్కరానికీ పుష్కరానికీ మధ్య గడిచింది గురుడి మీద ఒక ఏడాది. "వాణ్ని చూసి ఓ పుష్కరం అయింది" అని మనం అలవోకగా అనేస్తాం. అంటున్నది గురుడి సంవత్సరాన్ని! వేరే గ్రహం ఏడాదితో కాలం చెప్పుకోవడం మనకి కొత్తేం కాదు.

గురుడికి పట్టేది 11.86 ఏళ్లే అయితే, పన్నెండేళ్ల లెక్క ఎప్పటికైనా తప్పాలి కదా?

తప్పుతుంది. గురుడు ఏడు చుట్లు తిరగడానికి 84 ఏళ్లు కాదు, 83 ఏళ్లే పడుతుంది. అందుకే అప్పుడప్పుడు ఒక విడత పదకొండేళ్లకే వచ్చేస్తుంది. గురుడి రాశిని బట్టే జరిగే హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2022లో కాకుండా 2021లోనే జరిగింది అందుకే.

షష్టిపూర్తికి అరవై ఏళ్లే ఎందుకు?

ప్రభవ నుంచి అక్షయ దాకా మనకి అరవై సంవత్సరాల పేర్లున్నాయి. 1965లో విశ్వావసులో పుట్టినవాళ్లకి 2025 ఉగాదితో మళ్లీ విశ్వావసు వచ్చింది. ఇప్పుడు గ్రహాల లెక్క చూడండి. అరవైని 11.86తో భాగిస్తే 5.06, 29.46తో భాగిస్తే 2.04. అరవై నిండేసరికి గురుడు అయిదుసార్లు, శని రెండుసార్లు తిరిగి, మీరు పుట్టినప్పుడు ఎక్కడున్నారో దాదాపు అక్కడికే వచ్చి ఉంటారు. ఇంట్లో ఎవరికైనా షష్టిపూర్తి ఉంటే ఈ లెక్క ఒక చార్టు మీద గీసి పెట్టండి, వచ్చినవాళ్లంతా నిలబడి చదువుతారు.

టెలిస్కోపు లేని రోజుల్లో ఈ అంకెలు ఎలా తెలిశాయి?

తరతరాలుగా చూసి. యురేనస్, నెప్ట్యూన్ తప్ప మిగతా గ్రహాలు మామూలు కంటికే కనబడతాయి. ఫలానా నక్షత్రం పక్కన ఉన్న శని మళ్లీ అక్కడికి ఎప్పుడొచ్చాడో రాసుకుంటూ పోతే ఏడాది పొడవు తేలుతుంది. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి లెక్కల్లో, 43,20,000 సంవత్సరాల్లో గురుడు 3,64,224 సార్లు, శని 1,46,564 సార్లు తిరుగుతారని ఇచ్చాడు. భాగించి చూడండి. గురుడికి 11.86, శనికి 29.48. ఇవాళ్టి అంకె శనికి 29.46. పదిహేను వందల ఏళ్ల నాటి అంకె అది.

## పుట్టినరోజు చేసుకుందాం అనుకునేవాళ్లకి

అంగారకుడి మీద నా తర్వాతి పుట్టినరోజు ఏ తేదీన వస్తుంది?

ఇప్పుడున్న వయసు పైన వచ్చే పూర్తి అంకె తీసుకుని 686.98తో గుణించండి. ఆ రోజుల సంఖ్యలోంచి ఇప్పటిదాకా బతికిన రోజులు తీసేస్తే, ఇంకా ఎన్ని రోజులుందో తెలుస్తుంది. 4,528 రోజుల మా మేనకోడలికి అంగారకుడి మీద 6.59 ఏళ్లు. ఏడుని 686.98తో గుణిస్తే 4,809. తీసేస్తే 281 రోజులు. జనవరి 15 నుంచి 281 రోజులంటే 2025 అక్టోబర్ 23. దీపావళి వెళ్లిన మూడోనాడు. మిగిలిన కాకరపువ్వొత్తులు దాచి ఆ రోజు వెలిగించింది.

అక్కడ నిజంగా పుట్టినరోజు చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మనుషులు లేరు, యంత్రాలున్నాయి. 2012 ఆగస్టు 6న, మన టైము ప్రకారం, అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్‌కి 2014 జూన్ 24న అక్కడి లెక్కలో మొదటి ఏడాది నిండింది. మన మంగళ్‌యాన్ 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి, 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకుని పంపారు. 2022 ఏప్రిల్‌లో సంబంధం తెగేదాకా ఏడున్నరేళ్లు తిరిగింది. అంగారకుడి లెక్కలో నాలుగేళ్లు.

ఇంట్లో పెద్దవాళ్లకి ఏ గ్రహం పుట్టినరోజు బాగుంటుంది?

నన్నడిగితే శని. శని మీద మొదటిది ముప్పై నిండకముందే, రెండోది 59లో, మూడోది 88 దాటిన కొన్ని నెలలకి వస్తాయి. మూడోది అందరికీ దొరికేది కాదు. మా అమ్మమ్మ పుట్టినతేదీని వాళ్ల నాన్నగారు పాత పంచాంగం అట్ట వెనక పెన్సిల్‌తో రాసిపెట్టారు: 1936 అక్టోబర్ 10. శని మూడు చుట్లకి 32,278 రోజులు. కూర్చుని లెక్కపెడితే 2025 ఫిబ్రవరి 23 తేలింది, ఆదివారం కూడా కలిసొచ్చింది. మొదట్లో అమ్మమ్మ ఒప్పుకోలేదు, శని పేరుతో పండగేంటర్రా అని. ఏలినాటి శని ఒకటికి మూడుసార్లు దాటి వచ్చావు కదా అమ్మమ్మా అంటే కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత తనే లేచి పరమాన్నానికి బెల్లం తురిమింది.